మధ్యాహ్నపు భోజనం - మర్యాద
(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



జపాను విశేషాలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. బుల్లెట్ రైలు, ఫ్యూజీ పర్వతం మీరందరూ టీవీలో చూసినవే. కనుక నేను భోజనం గురించి చెబుతాను. ఖరీదైన హోటల్లో అందుబాటు ధరకు పెట్టే మధ్యాహ్న భోజనం సంగతి అది. పెన్షను మీద బ్రతికే మనకు పనికివచ్చే విషయం అందులో ఉందని నా నమ్మకం.

టోక్యోలో గింజా అనేది కలవారి బజారు. 2024లో మా అబ్బాయి మమ్మల్ని అక్కడ ఒక సుషీ హోటలుకు తీసుకువెళ్ళాడు. పదిమంది వరుసగా కూర్చునే చెక్కబల్ల, దాని కవతల వంటవాడు, అంతే హోటలు. రాత్రిపూట అక్కడ తలకు 20,000 యెన్లు, అంటే అప్పటి మారకం ప్రకారం సుమారు 11,000 రూపాయలు. అదే బల్ల దగ్గర, అదే వంటవాడి చేతి భోజనం మధ్యాహ్నం 1,800 యెన్లు. సుమారు 1,000 రూపాయలు. మన లెక్కన అదీ ఎక్కువే. అక్కడి జీతాలకు మాత్రం చిన్న ఉద్యోగి కూడా అప్పుడప్పుడు పెట్టుకోగల ఖర్చు.

సుషీ అంటే పచ్చిచేప అని మనవాళ్ళు అనుకుంటారు. నిజానికి సుషీ అన్నంలో ఉంది. వెనిగారు, ఉప్పు, పంచదార కలిపిన అన్నం. పోపు లేని పులిహోర అనుకోండి. దానిని గోరువెచ్చగా ఉండగానే చిన్న ముద్దచేసి, పైన చేపముక్క పెడతారు. మధ్యన వసాబి అనే పచ్చటి ముద్ద రవ్వంత రాస్తారు. అది ఆవఘాటులా ముక్కుకెక్కుతుంది. ఈ ముద్ద సుషీ 19వ శతాబ్దం తొలినాళ్ళలో, టోక్యోను ఎడో అనే రోజుల్లో, వీధి బండ్ల దగ్గర నిలబడి తినే చవక తిండి. ఖరీదు తర్వాత వచ్చింది.

మాకు ఎనిమిది ముద్దలు, ఒక చుట్ట, సోయా ముద్దతో కాచిన చారు, అల్లం ఊరగాయ, టీ ఇచ్చారు. మా ఆవిడ పచ్చిచేప ముట్టలేదు. దోసకాయ చుట్ట, గుడ్డట్టు, ఉడికించిన రొయ్య తిన్నది. రొయ్య ఉడికితే ముడుచుకుంటుందని మన కృత్తివెన్నులో పసిపిల్లలకూ తెలుసు. అక్కడి రొయ్య కర్రలాగా తిన్నగా ఉంది! ఉడికించేముందు సన్నని వెదురుపుల్ల గుచ్చుతారట. 1990ల మొదట్లో టైగరు రొయ్యను మనదేశం ఎక్కువగా పంపింది జపానుకే. తెల్లమచ్చ తెగులు వచ్చింది, 2009లో వనామీకి అనుమతి వచ్చింది, బేరం అమెరికా వైపు మళ్ళింది. ఇన్నేళ్ళూ మనకు కౌంటు, కేజీ ధర తెలుసుగాని, వాళ్ళు ఎలా తింటారో తెలియదు.

ఇంత తక్కువకు ఎలా గిట్టుతుందని మీరడగవచ్చు. హోటలు అద్దె, వంటవాడి జీతం మధ్యాహ్నం ఖాళీగా ఉన్నా కట్టవలసినవే. ఏమి పెట్టాలో ముందే నిర్ణయం కనుక సరుకు వృథా కాదు. కొవ్వుగల ట్యూనా వంటి ఖరీదైన ముక్కలు రాత్రికి ఉంచుతారు. కోతలో మిగిలిన చివరి ముక్కలను అన్నం మీద పరిచి అమ్మే భోజనం మరొకటి ఉంది. తిన్నవాళ్ళు వెంటనే లేస్తారు, మరొకరు కూర్చుంటారు. ఆలోచిస్తే మన మెస్సుల్లో టిక్కెట్టు భోజనం లెక్క కూడా ఇదే.

కాని నన్ను ఆకట్టుకున్నది వేరు. అక్కడ చాలా హోటళ్ళలో భోజనం మూడు తరగతులు. వాటి పేర్లు పైన్ చెట్టు, వెదురు, ప్లమ్ జాతి పూలచెట్టు. మూడూ శుభానికి గుర్తులే. సాధారణంగా పూలచెట్టు పేరుది అన్నిటికన్నా తక్కువ ధర. పదిమందిలో కూర్చున్న మనిషి "తక్కువ రకం పెట్టండి" అని నోటితో చెప్పనక్కరలేదు. చెట్టు పేరు చెబితే చాలు.

మన సంగతి చూడండి. ఒక పట్నం హోటల్లో నేను చిన్న భోజనం అడిగితే, సర్వరు వంటింటి దాకా వినబడేలా "ఒక లిమిటెడ్!" అని కేకవేశాడు. పక్క బల్లవాళ్ళు తలతిప్పి చూశారు. నాకు షుగరు, అన్నం మితంగా తినమన్నారు. ఆ సంగతి వాళ్ళకెలా తెలుస్తుంది?

ఇది నవ్వుకు చెప్పడం లేదు. భార్యో భర్తో పోయి ఒంటరిగా ఉన్నవాళ్ళు మనలో ఉన్నారు. ఫుల్ మీల్సు తినలేరు, సగం అడగటానికి మొహమాటం. పొద్దున వండినదే రాత్రికీ సరిపెట్టుకుంటారు. 2018లో మొదలై, 2019లో మూతపడి, 2024 ఆగస్టు 15న గుడివాడ నుంచి తిరిగి ఆరంభమైన అన్న క్యాంటీన్లలో పూటకు 5 రూపాయలు పెట్టారు. అక్కడ అందరిదీ ఒకటే పళ్ళెం, ఒకటే ధర కనుక ఎవరూ ఎవరినీ తేరిపార చూడరు. అయితే క్యాంటీను ప్రతి ఊళ్ళో ఉండదు కదా.

కనుక కార్యవర్గానికి నా మనవి ఒకటి. మచిలీపట్నం, పెడన, కృత్తివెన్నులలో మనం ఎరిగిన హోటలు యజమానులను కలుద్దాం. ఒక కప్పు అన్నం, పప్పు, కూర, చారు, మజ్జిగ, ఇంతే. అదే వంట, అదే బల్ల, తగిన ధర. బోర్డు మీద దానికొక మంచి పేరు. కృష్ణా భోజనం, గోదావరి భోజనం అన్నా సరే. లిమిటెడ్ అని మాత్రం వద్దు. రాయితీ అడగటం లేదు, వాళ్ళకు గిట్టే పద్ధతే అడుగుతున్నాం. ఎవరైనా ఒప్పుకుంటే మొదటి నెల మనమే వంతులవారీగా వెళ్ళి తిందాం.

 భోజనం వేళయింది, సెలవు.