గ్యాసు గీజరు – గాలికి కాపలా ఎవరు?

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉగాదినాడు మన ఇళ్ళలో తెల్లవారకముందే తలంట్లు మొదలవుతవి గదా. పూర్వం పెరట్లో రాగి బాయిలరు కింద కట్టెలు ఎగదోసి నీళ్ళు కాచుకునేవారు. దాని పొగ ఆకాశానికి పోయేది. ఇప్పుడు రాయవేలూరులోనూ, గుడియాత్తంలోనూ చాలా ఇళ్ళలో గ్యాసు గీజరు వచ్చి, స్నానాలగదిలోనే గోడకెక్కినది. ఆ గది తలుపు మూసుకుని స్నానం చేస్తాము. అందుచేత యీ యంత్రం సంగతి నాలుగు మాటలు మనవి చేస్తాను. నేను ఇంజనీరును కాను, రైల్వే గుమాస్తాను, తెలిసినంతవరకే చెబుతాను.

మా రైల్వేలో పాయింట్లు సరిగా పడనిదే సిగ్నలు ఇవ్వడానికి వీలుండదు. దీనిని ఇంటర్‌లాకింగ్ అంటారు. గీజరులోనూ అటువంటి ఏర్పాటే ఉన్నది. కుళాయి తిప్పగానే నీటి వత్తిడికి లోపలి రబ్బరు పొర కదిలి స్విచ్చిని నొక్కుతుంది. అప్పుడు సెల్లుల బలంతో నిప్పురవ్వ పుట్టి, గ్యాసు దారి తెరుచుకుంటుంది. మంట పక్కన చిన్న కడ్డీ ఉంటుంది. మంట ఉన్నట్లు దానికి తెలియకపోతే కొద్ది క్షణాలలో గ్యాసు ఆగిపోతుంది. నీళ్ళు ఆగినా గ్యాసు ఆగుతుంది.

ఇక చిక్కులు. టిక్కుటిక్కుమనే చప్పుడే రాకపోతే ముందు సెల్లులు మార్చి చూడండి. అవి మంచివైతే నీటి వత్తిడి చాలలేదన్నమాట. తొట్టి ఎత్తు తక్కువైనా కావచ్చు, నీళ్ళు వచ్చేచోట జల్లెడలో ఇసుక పేరుకున్నా కావచ్చు. చప్పుడు వచ్చి మంట రాకపోతే సిలిండరు సంగతి చూడండి. మంట వచ్చి వెంటనే ఆరిపోతూంటే ఆ కడ్డీకి మసి పట్టి ఉండవచ్చు. అది మెకానిక్కు పని. మన బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువ కాబట్టి గొట్టంలో పెచ్చు కట్టి ధార సన్నబడుతుంది, దానిని కడిగించాలి. మంట నీలంగా ఉండాలి. పసుపుగా మారినా, మసి కనబడినా ఆ పూటే ఆపివేయండి. గ్యాసు వాసన వస్తే సిలిండరు కట్టి, తలుపులు తెరచి, కరెంటు స్విచ్చి ముట్టకుండా బయటికి వచ్చి 1906 నంబరుకు ఫోను చేయండి.

నీటికీ, మంటకూ కాపలా యంత్రంలోనే ఉన్నది. గాలికి మాత్రం మామూలు గీజర్లలో కాపలా లేదు. గుడియాత్తంలో అగ్గిపెట్టెలు చేసేవారికి నిప్పుకు గాలి ఎంత అవసరమో వేరే చెప్పాలా? మూసిన గదిలో గాలి చాలక మంట సగం సగం మండితే కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. సిలిండరు గ్యాసుకు వాసన కలుపుతారు గనుక ముక్కు పట్టగలదు. దీనికి రంగూ లేదు, వాసనా లేదు. ప్రాణవాయువుకంటె 200 రెట్లకు పైగా గట్టిగా రక్తాన్ని పట్టుకుంటుంది. మొదట తలనొప్పి, తల తిరగడం, వాంతి. తరువాత గడియ తీయడానికే చేతులు రావు. పండుగనాడు అయిదారుగురు వరుసగా స్నానం చేస్తే, చివర వెళ్ళేవారికే అపాయం ఎక్కువ.

మన ఊరికి మరొక బాధ్యత ఉన్నది. 1900లో ఐడా స్కడర్ అమ్మగారు ప్రారంభించిన వైద్యశాల, నేటి సి.ఎం.సి., కోసం చిత్తూరు, కడప వైపులనుండి మనవారు వచ్చి మన ఇళ్ళలోనో, అద్దె గదులలోనో దిగుతారు. రక్తహీనులకు, గుండెజబ్బువారికి, గర్భిణులకు యీ వాయువు మరీ చెడ్డది. చుట్టానికి తువ్వాలు ఇచ్చేటప్పుడే గీజరు సంగతీ చెప్పండి.

గీజరును గది బయట పెట్టించి, వేన్నీళ్ళు గొట్టంద్వారా లోపలికి తెచ్చుకోవడం అన్నిటికంటె మేలు. అంతవరకు తలుపు, కిటికీ తెరచి బకెట్టు నింపుకొని, గీజరు ఆపి, కాసేపు గాలి ఆడనిచ్చి, అప్పుడే స్నానం చేయండి. పిల్లలను గడియ వేసుకోనివ్వకండి. ఎవరైనా పడిపోతే తలుపు తెరచి, గ్యాసు కట్టి, వారిని ఆరుబయటికి చేర్చి 108కి ఫోను చేయండి. గీజరు సంగతి డాక్టరుగారికి తప్పక చెప్పండి.

అందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు. సెలవు.