పంపు మోసే మగవాడిని ఎవరూ అడగని ప్రశ్న



చేలో మందు కొట్టే మగవారి సంతాన సమస్యల గురించి హైదరాబాద్‌లోని ఈ పద్మారావు నగర్‌లోనే మాట్లాడుకోవడానికి కారణం ఉంది. పక్కనే ఉన్న గాంధీ ఆసుపత్రిలో 2023 అక్టోబరులో ప్రభుత్వ ఐవీఎఫ్ కేంద్రం మొదలైంది. ప్రైవేటు సెంటర్లలో లక్షలు పోయలేని దంపతులకు అది పెద్ద ఆసరా. గాంధీకి జిల్లాల నుంచి వచ్చేవారిలో పత్తి, మొక్కజొన్న, మిరప పండించే కుటుంబాలు ఎన్నో. పిల్లలు కలగడం లేదంటే మన ఇళ్లల్లో ముందు కోడలినే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారు. స్కానింగులు చేయిస్తారు, మొక్కులు మొక్కిస్తారు. కొడుకు వీర్య పరీక్ష ఎప్పుడో చివర్లో గుర్తొస్తుంది. ఆ కొడుకు ఏటా వానాకాలం వీపున పంపు తగిలించుకుని చేలో ఏం కొడుతున్నాడో మాత్రం ఎవరూ అడగరు.

అడగాలని చెప్పిన శాస్త్రం ఈ ఊళ్లోనే పుట్టింది. బేగంపేటలోని ఉస్మానియా విశ్వవిద్యాలయ జన్యుశాస్త్ర సంస్థ పరిశోధకులు డి.ఎస్. రూప, పి.పి. రెడ్డి, ఓ.ఎస్. రెడ్డి పత్తి చేలల్లో మందు కొట్టే మగవారి కుటుంబాలను పరిశీలించారు. అలాంటి 1,016 జంటలను, ఆ పని చేయని 1,020 జంటలతో పోల్చి 1991లో ఫలితాలు ప్రచురించారు. మందు కొట్టేవారి ఇళ్లల్లో సంతానం కలగడం తగ్గింది. గర్భస్రావాలు, కడుపులోనే బిడ్డ చనిపోవడం, పుట్టిన కొద్ది రోజులకే పోవడం, పుట్టుకతో వచ్చే లోపాలు ఎక్కువగా కనిపించాయి. మందు పడింది తండ్రి ఒంటి మీద, నష్టం తేలింది తల్లి కడుపులో.

తార్నాకలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ (ఐఐసీటీ) శాస్త్రవేత్తలు ఇంకో కోణంలో చూశారు. పురుగుమందుల తయారీలో పనిచేసే కార్మికుల రక్తకణాలకు కామెట్ పరీక్ష చేసి 2003లో ఫలితాలు వెల్లడించారు. ఈ పరీక్షలో తెల్లకణాలను గాజు పలక మీద పల్చటి జెల్‌లో పొదిగి, కణం పొరను కరిగించి, కరెంటు పంపిస్తారు. డీఎన్‌ఏ చెక్కుచెదరకుండా ఉంటే మైక్రోస్కోపు కింద కేంద్రకం గుండ్రంగానే కనిపిస్తుంది. తెగి ఉంటే ఆ ముక్కలు ఒక పక్కకు జరిగి, తోకచుక్కకు ఉన్నట్టు తోక సాగుతుంది. కార్మికుల కణాల్లో ఆ తోక మిగతావారి కంటే పొడవుగా ఉంది.

ఈ రెండు పరిశోధనలూ ప్రధానంగా పురుగుమందుల గురించినవి. ఆ తర్వాత పొలం మారిపోయింది. కలుపు తీసే కూలీలు దొరకడం కష్టమై, రైతు గడ్డి మందు డబ్బా అందుకున్నాడు. మన దేశంలో గ్లైఫోసేట్ అనే గడ్డి మందుకు తేయాకు తోటల్లో, పంట లేని భూముల్లో మాత్రమే అనుమతి ఉండేది. అయినా కలుపు మందును తట్టుకునే అనుమతి లేని పత్తి విత్తనాలతో పాటు అది తెలంగాణ చేలల్లోకి వచ్చేసింది. 2018 జూలైలో రాష్ట్ర ప్రభుత్వం దాని అమ్మకంపై ఆంక్షలు పెట్టింది. 2022 అక్టోబరులో కేంద్రం ఇక దాన్ని చీడల నియంత్రణ ఆపరేటర్లే వాడాలని ఆదేశించింది.

గ్లైఫోసేట్ మొక్కలోని ఒక ఎంజైమును అడ్డుకుని, కొన్ని అమైనో ఆమ్లాలు తయారు కాకుండా చేసి దాన్ని చంపుతుంది. ఆ ఎంజైము మనిషిలో లేదు కాబట్టి మనకేమీ కాదని చాలాకాలం చెప్పారు. కానీ రైతు కొట్టేది ఒట్టి గ్లైఫోసేట్ కాదు. ఆకు పొరలోంచి మందు లోపలికి దిగడానికి సబ్బులాంటి రసాయనాలు అందులో కలుపుతారు. అవి జంతువుల కణాల పొరలను కూడా దెబ్బతీయగలవు.

వృషణంలో సెర్టోలి కణాలు ఎదిగే వీర్యకణాలకు పోషణనిస్తాయి, రక్తంలోంచి హాని చేసేవి రాకుండా గోడ కడతాయి. బ్రెజిల్ శాస్త్రవేత్తలు ఎలుకల సెర్టోలి కణాలపై తక్కువ మోతాదులో రౌండప్ అనే గ్లైఫోసేట్ మందు వేసి 2013లో వెల్లడించిన సంగతి ఇది: 30 నిమిషాల్లోనే కణాల్లోకి కాల్షియం ముంచెత్తింది, కణాన్ని కాపాడే గ్లుటాథయోన్ తగ్గింది, కణాలు చనిపోయాయి. గ్రీసులో మనుషుల వీర్యాన్ని లీటరుకు 1 మిల్లీగ్రాము రౌండప్‌లో ఉంచితే గంటలో కణాల చురుకుదనం తగ్గిందని 2018లో వెల్లడైంది. వీర్యకణం తయారయ్యేటప్పుడు తనలోని ద్రవాన్ని చాలావరకు వదిలేసుకుంటుంది. దాంతో రక్షణ ఎంజైములూ, తెగిన డీఎన్‌ఏను బాగుచేసుకునే శక్తీ పోతాయి. అందుకే దెబ్బ దానికి త్వరగా తగులుతుంది.

ఇవి ప్రయోగశాల ఫలితాలు. గ్లైఫోసేట్ వాడే ప్రతి రైతుకూ సంతానం కలగదని వీటి అర్థం కాదు. దాని హానిపై శాస్త్రవేత్తల మధ్య కూడా ఏకాభిప్రాయం లేదు. మనుషుల్లో దొరికిన ఒక ఆధారం వేరే కలుపు మందుల మీద ఉంది. షానా స్వాన్ అనే పరిశోధకురాలి బృందం 2003లో అమెరికాలోని మిస్సోరీలో, వీర్యం నాణ్యత తక్కువగా ఉన్న మగవారి మూత్రంలో అలాక్లోర్, అట్రజిన్ ఆనవాళ్లు ఎక్కువగా ఉన్నాయని గుర్తించింది. అలాక్లోర్‌ను మన దేశం 2020 చివరితో నిషేధించింది. అట్రజిన్‌ను మన మొక్కజొన్న చేలల్లో ఇప్పటికీ కొడుతున్నారు.

మందు ఒంట్లోకి వెళ్లే దారి కూడా తెలుసుకోవాలి. 1971లో మైబాక్ అనే చర్మవైద్యుడి బృందం పారాథియాన్ అనే పురుగుమందును ఒంట్లో వేర్వేరు చోట్ల రాసి కొలిచింది. ముంజేతి చర్మం సుమారు 9 శాతం పీల్చుకుంది. వృషణాల తిత్తి చర్మం దాదాపు మొత్తం పీల్చుకుంది. గ్లైఫోసేట్ చర్మంలోంచి అంత తేలిగ్గా దిగదు. కానీ రైతు అదే పంపుతో పురుగుమందూ కొడతాడు. మూత దగ్గర కారిన మందు నడుము మీదుగా తొడల మధ్యకు జారుతుంది. తడిసిన లుంగీతో, ప్యాంటుతో సాయంత్రం దాకా అలాగే తిరుగుతాడు. నడుము కింద ప్లాస్టిక్ షీటు కట్టుకోవడం, తడవగానే సబ్బుతో కడుక్కుని బట్టలు మార్చుకోవడం అయినా ఈ వానాకాలం నుంచే మొదలవ్వాలి.

ఇక వైద్యుల వైపు. వీర్యకణం తయారవడానికి సుమారు 74 రోజులు, బయటికి రావడానికి ఇంకో రెండు వారాలు పడుతుంది. అంటే ఆగస్టులో కొట్టిన మందు ఫలితం అక్టోబరు, నవంబరు పరీక్షల్లో కనిపించవచ్చు. కాబట్టి ప్రతి కేస్‌షీట్‌లో మూడు ప్రశ్నలు చేర్చాలి: ఏ మందు కొట్టారు, చివరిసారి ఎప్పుడు కొట్టారు, ఒంటి మీద పడిందా? అవుననేవారికి మందు మానేసిన మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేయాలి.

ప్రశ్న అడిగితే ఏం జరుగుతుందో 1977లో కాలిఫోర్నియాలోని లాత్రప్‌లో తెలిసింది. డీబీసీపీ అనే నులిపురుగుల మందు తయారుచేసే కార్మికులు తమలో చాలామందికి పిల్లలు కలగడం లేదని తామే గమనించి పరీక్షలు కోరారు. కొందరిలో వీర్యకణాలు బాగా తగ్గాయి, కొందరిలో అసలు లేవు. 1979లో అమెరికా ఆ మందు వాడకాన్ని దాదాపు పూర్తిగా ఆపేసింది.

అలాంటి పని ఇక్కడా చేయవచ్చు. గాంధీలో సంతాన కేంద్రం ఉంది, బేగంపేటలో జన్యుశాస్త్రజ్ఞులు ఉన్నారు, తార్నాకలో విషపదార్థాల పరిశోధకులు ఉన్నారు. మందు కొట్టే సీజనుకు ముందూ, మూడు నెలల తర్వాతా ఒకే రైతుల రక్తం, వీర్యం పరీక్షించే అధ్యయనం ఈ మూడు సంస్థలూ కలిసి చేపట్టాలని ఈ సభ తీర్మానించి, ఆరోగ్యశాఖకూ వ్యవసాయశాఖకూ పంపాలి.