పులికంటే ముందు గడ్డి

నల్లమలలాంటి పులుల అడవిలో అటవీశాఖ ఇంటర్న్‌షిప్ అంటే పులిని చూడటమే అనుకుంటారు చాలామంది. చేతికొచ్చే పని మాత్రం గడ్డి, పొదలు, దుప్పి పెంటికలు లెక్కరాయడం. అది చిల్లర పనేం కాదు. మేత లేనిచోట దుప్పి నిలవదు, దుప్పి లేనిచోట పులి నిలవదు. పులి జాడ ఒక్కటే చూస్తే చాలదు. రాజస్థాన్‌లోని సరిస్కా అడవిలో పులుల పాదముద్రల లెక్కను నమ్ముకుని కూర్చుంటే, 2005 నాటికి అక్కడ ఒక్క పులీ మిగల్లేదని తేలింది. 2006 నుంచి నాలుగేళ్లకోసారి జరిగే దేశవ్యాప్త గణనలో పులి జాడలతోపాటు మేతజంతువులనూ, చెట్టూచేమనూ కొలుస్తున్నారు.

అనుభవం లేని విద్యార్థులు తప్పులు రాయరా? రాస్తారు. అందుకే నిర్ణీత దారివెంట, ఒకే పద్ధతిలో, మళ్లీ మళ్లీ నడిపించాలి. పక్కన జాడ చదవగల చెంచు తెగ మనిషి ఉంటే మరీ మంచిది. ఇది విద్యార్థులతో చేయించే ఉచిత చాకిరీ అన్న ఆక్షేపణ మాత్రం న్యాయమైనదే. లెక్క కావాలన్న శాఖ భత్యమూ ఇవ్వాలి. లేకుంటే ఈ చదువు కలిగినవారి పిల్లలకే దక్కుతుంది.