నమ్మిన బండి – కొత్త బండి



“కొత్త ఒక వింత, పాత ఒక రోత” అని పెద్దలు లోకుల స్వభావమును ఒక్క మాటలో చెప్పినారు. అయితే పదునెనిమిదేండ్లుగా ఇంటి ముందర నిలిచి, తాళము త్రిప్పినంతనే పలుకుచున్న కారు విషయమున ఈ సామెత సులభముగా చెల్లదు. పెండ్లికి తీసికొనిపోయినది అదే; పురిటినొప్పుల వేళ ఆసుపత్రికి చేర్చినది అదే. అట్టి బండిని ఉంచుకొనవలెనా, మార్చవలెనా అను ప్రశ్న ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములలో భోజనముల వేళ తరచుగా వచ్చునదే. “కొత్తది తీసుకుందాం నాయనా” అని కుమారుడనును. “ఇది ఎప్పుడన్నా దోవలో నిలబెట్టిందా?” అని తండ్రి అడుగును. ఇరువురి మాటలోను న్యాయము కలదు. ఎవరి న్యాయము ఎంతవరకు చెల్లునో విచారించుటయే నేటి ప్రసంగము.

ఒకప్పుడు ఈ ప్రశ్నయే లేదు. మన దేశమున అంబాసిడర్, ఫియట్ వంటి రెండు మూడు రకముల కార్లు మాత్రమే లభించిన కాలమున, కొనదలచినవారు పేరు వ్రాయించుకొని సంవత్సరముల తరబడి వేచియుండెడివారు. చేతికి వచ్చిన బండిని మార్చుట గాక, కాపాడుకొనుటయే గృహస్థుల పని. 1983 డిసెంబరు 14న మారుతి 800 వచ్చినది. 1993లో కార్ల పరిశ్రమకు లైసెన్సు నిర్బంధము తొలగినది. అటుపిమ్మట రకములు పెరిగినవి, అప్పులిచ్చువారును పెరిగినారు. 2014లో జనవరి మాసమున మారుతి 800, మే మాసమున అంబాసిడర్ ఉత్పత్తి నిలిచిపోయినవి. ఈనాడు కొరత కొత్త కార్లకు లేదు. ఎంచుకొనువారి నిదానమునకే కలదు.

మొదట డబ్బు లెక్క చూతము. “మరమ్మతులకే డబ్బంతా పోవుచున్నది, ఆ డబ్బు కొత్త బండికి వాయిదాలుగా కట్టవచ్చును గదా” అని చాలమంది అందురు. బండి విలువ తరుగుదలకు బీమా సంస్థలు పాటించుచు వచ్చిన పట్టిక ఒకటి కలదు. దాని ప్రకారము మొదటి ఏడాది ముగియునప్పటికి 15 శాతము, రెండవ ఏడాదికి 20, మూడవ ఏడాదికి 30, నాలుగవ ఏడాదికి 40, ఐదవ ఏడాదికి 50 శాతము తీసివేయుదురు. ఏడు లక్షల రూపాయల బండి కొన్నామనుకొందము. ఐదేండ్లలో మూడున్నర లక్షలు, అనగా ఏడాదికి డెబ్బదివేలు, మనకు తెలియకుండనే కరిగిపోవును. అప్పుపై వడ్డీ, పెద్ద మొత్తపు బీమా దీనికి అదనము. పాత బండికి ఏడాదికి ముప్పదివేలు ఖర్చు చేసినను, ఈ లెక్కలో పాతదే గెలుచును. 2025 సెప్టెంబరు 22 నుండి చిన్న కార్లపై జి.ఎస్.టి. 18 శాతమునకు తగ్గిన మాట నిజమే. ధర తగ్గుట కొనుటకు వీలు కల్పించును గాని, కొనవలసిన అవసరమును కల్పింపదు. కనుక డబ్బు కొరకే మార్చుట సాధారణముగా తెలివైన పని కాదు.

రెండవది చట్టము. “పదునైదేండ్లు దాటిన బండి తిరుగరాదట” అను మాట మన ఊళ్లలో వినబడుచుండును. అది ఢిల్లీ ప్రాంతమును గురించిన మాట. జాతీయ హరిత ట్రిబ్యునలు 2014, 2015 సంవత్సరముల ఉత్తర్వులతో అచ్చట పదేండ్లు దాటిన డీజిలు బండ్లను, పదునైదేండ్లు దాటిన పెట్రోలు బండ్లను నిషేధించినది. కడప జిల్లాలో వయస్సును బట్టి అట్టి నిషేధము లేదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము సొంత కారు రిజిస్ట్రేషను పదునైదేండ్లు చెల్లును. ఆ తరువాత బండిని తనిఖీ చేయించి, ఐదేండ్లకొకసారి పొడిగించుకొనవలెను. అయితే రుసుము పెరిగినది. 2022 ఏప్రిలు 1న అది 600 రూపాయల నుండి 5,000 అయినది. ఇరువదేండ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో 10,000 చేసినారు. హరిత పన్ను దీనికి వేరు. ఈ ఖర్చులన్నియు కలిపినను కొత్త బండి మొదటి ఏడాది తరుగుదలకు సమానము కావు.

మూడవది మన సీమ స్వభావము. సముద్రతీరపు ఉప్పుగాలికి ఇనుము త్రుప్పు పట్టినంత త్వరగా మన పొడి గాలికి పట్టదు. అందుచేత మన పాత కార్ల ఒళ్లు గట్టిగానే యుండును. కాని మన ఎండ రబ్బరునకు శత్రువు. టైరు ప్రక్కన నాలుగంకెల ముద్ర యుండును. 2319 అని యున్నచో అది 2019వ సంవత్సరమున ఇరువదిమూడవ వారములో తయారైనదని అర్థము. పైన గాళ్లు ఎంత లోతుగా కనబడినను, ఐదారేండ్లు దాటిన టైరును పరీక్ష చేయింపక దూరప్రయాణమునకు తీసికొనిపోరాదు. సున్నపురాతి నేలలోని బోరునీరు రేడియేటరులో పోసినచో లోపల సున్నము పేరుకొని ఇంజను వేడెక్కును. నాపరాతి గనుల ధూళి గాలి వడపోతను మూసివేయును. ఇంధనపు గొట్టములను కూడ చూపించుకొనవలెను. నేడు పెట్రోలులో ఇరువది శాతము ఇథనాలు కలియుచున్నది. పాత బండ్ల రబ్బరు భాగములు దానిని తట్టుకొనుటకు చేసినవి కావు. ఇవన్నియు బాగుచేయదగినవి. నమ్మకమైన మెకానిక్కు షెడ్డులో వీనికి మందు కలదు.

ఇంతవరకు తండ్రిగారి పక్షమే నెగ్గినట్లున్నది. ఇక అసలు విషయమునకు వత్తము.

నమ్మకము రెండు విధములు. దారిలో నిలిచిపోదను నమ్మకము మొదటిది. ఢీకొన్ననాడు లోపలివారిని కాపాడునను నమ్మకము రెండవది. మొదటిది ప్రతిదినము పరీక్షకు వచ్చును గనుక మనకు బాగుగా తెలియును. రెండవది ఏనాడును పరీక్షకు రాకపోవచ్చును. వచ్చినచో ఒక్క క్షణమే. మొదటి పరీక్షలో పదునెనిమిదేండ్లు గెలిచిన బండి రెండవ దానిలోను గెలుచునని మనము తెలియకయే భావింతుము. ఆ రెంటికిని సంబంధము లేదు.

వేగము రెట్టింపైనచో తాకిడి బలము నాలుగింతలగును. నలుబది కిలోమీటర్ల వేగమునకు, ఎనుబదికి ఉన్న భేదమిది. ఆ బలమును ఎక్కడనో ఒకచోట దింపవలెను. మంచి కట్టడము గల బండిలో ముందుభాగము నలిగి ఆ బలమును మ్రింగును. మనుష్యులు కూర్చున్న చోటు నిలుచును. ఎయిర్‌బ్యాగు ఆ క్షణమున ఉబ్బి తలను, రొమ్మును కాచును. ఎ.బి.ఎస్. అనునది గట్టిగా బ్రేకు త్రొక్కినను చక్రములు బిగిసి జారకుండ చేయును. 2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ మన దేశపు చిన్న కార్లు ఐదింటిని ఢీకొట్టించి పరీక్షింపగా, పెద్దల రక్షణ విషయమున ఒక్కటియు ఒక్క నక్షత్రమైనను పొందలేదు. తరువాత మన నియమములు బిగిసినవి. 2019 ఏప్రిలు నుండి కొత్త కార్లన్నింటికి ఎ.బి.ఎస్., ఆ జూలై నుండి డ్రైవరుకు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి అయినవి. 2021 ముగియునప్పటికి ప్రక్కన కూర్చున్నవారికిని ఎయిర్‌బ్యాగు వచ్చినది. ఇవి ఏ షెడ్డులోను పాత బండికి తరువాత అమర్చదగినవి కావు.

కనుక నిర్ణయమునకు సూత్రము ఇది: బాగుచేయదగిన లోపమునకై బండిని మార్చవలదు, ఏ మరమ్మతుతోను రానిది మనకు అవసరమైనప్పుడు మార్చుటకు వెనుదీయవలదు. రేగడి రైతు ఎద్దును కొనునప్పుడు పళ్లు మాత్రమే చూడడు. కాడి కట్టి, సాలు తోలించి, తన నేలకు సరిపోవునా అని చూచును. బండిని గూడ దాని వయస్సును బట్టి గాక, మన దారిని బట్టి చూడవలెను.

ఒకే విధమైన పాత కారు మూడు ఊళ్లలో మూడు కుటుంబములకు ఉన్నదనుకొందము. ప్రొద్దుటూరులో బంగారు అంగడి గల గృహస్థు ఇంటినుండి అంగడికి, అంగడినుండి ఇంటికి ముప్పది కిలోమీటర్ల వేగము మించక తిరుగును. దూరప్రయాణమునకు ఎర్రగుంట్లలో రైలెక్కును. ఆయన బండిని నిశ్చింతగా ఉంచుకొనవచ్చును. జమ్మలమడుగులో ఒక ఉపాధ్యాయుడు నాపరాళ్ల లారీలు, సిమెంటు లారీలు నడుచు దారిలో ప్రతిదినము ముద్దనూరుకు పోయి వచ్చును. పెద్ద అప్పు ఆయనకు భారము. అట్టివారికి మధ్యమార్గము కలదు: 2019 తరువాత తయారై, ఎ.బి.ఎస్., రెండు ఎయిర్‌బ్యాగులు గల వాడిన బండిని మెకానిక్కుకు చూపించి కొనుట. పులివెందులలో అరటి, చీనీ తోటలు గల కుటుంబము బెంగుళూరులో చదువుచున్న పిల్లలకై నెలకు రెండుసార్లు కదిరి మీదుగా రాత్రివేళ ప్రయాణము చేయును. వారి ఇంజను ఎంత బాగున్నను ఆ బండికి ఆ దారి తగదు. వారు మార్చుటయే మేలు.

ఉంచుకొన్నవారైనను, మార్చినవారైనను సీటు బెల్టు మరువరాదు; వెనుక సీటువారికిని చట్టము దానిని విధించినది. బెల్టు లేనివానికి ఎయిర్‌బ్యాగు పూర్తిగా ఉపకరింపదు.

చివరిగా, విడిచిన బండి సంగతి. మన పిల్లలకు క్షేమము కాదని తలచిన బండిని మన తోటలో పనిచేయువాని పిల్లలకు చవుకగా అంటగట్టినచో, అపాయము తొలగలేదు, ఇల్లు మారినది. ఊరిలో మాత్రమే తిరుగువారికి అమ్ముట తప్పుకాదు. అయినను దానిలో ఏది లేదో చెప్పి అమ్మవలెను. పేరు మార్పు కాగితములను వెంటనే రవాణా కార్యాలయమునకు చేర్చవలెను. పేరు మారువరకు బండి చేసిన ప్రమాదమునకు రిజిస్టరు పుస్తకములో పేరున్నవారే యజమానులని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. బండి అమ్ముటకు తగని స్థితిలో నున్నచో, ప్రభుత్వము గుర్తించిన తుక్కు కేంద్రమునకు ఇచ్చి ధ్రువపత్రము పొందవచ్చును. ఆ పత్రముపై కొత్త సొంత బండి పన్నులో 25 శాతము వరకు రాయితీ ఇచ్చుటకు కేంద్ర నియమములు రాష్ట్రములకు వీలు కల్పించినవి.

పొరుగింటివారి కొత్త బండిని చూచి మార్చుట అవివేకము. కృతజ్ఞత పేరున తగని దారిలో పాత బండిని నడుపుట అంతకంటె పెద్ద అవివేకము. ఇనుమునకు మన కృతజ్ఞత అక్కరలేదు. అందులో కూర్చున్నవారికి మన జాగ్రత్త కావలెను.