తెలివి రోజూ పెరగాలె



తెలివి బడిలోనే వస్తదని చాలామంది అంటరు. మన ముల్కనూరు సంగతి చూడండి. అక్కడ 1956లో రైతుల సహకార బ్యాంకు మొదలైంది. తర్వాత ఆడవాళ్లే పాల డెయిరీ పెట్టుకున్నరు, 'స్వకృషి' పేరుతో పాలు అమ్ముతున్నరు. పాలల్ల వెన్న శాతం చూసుడు, పుస్తకం రాసుడు, సభల లెక్క అడుగుడు పని చేసుకుంటనే నేర్చుకున్నరు.

మనకూ సంఘమే బడి. మీటింగు, పొదుపు, అప్పు ఇచ్చుకునుడు, కిస్తు కట్టుడు, పుస్తకాలు రాసుడు: ఈ పంచసూత్రాలల్ల ఒక్కోటి ఒక్కో పాఠం. బయట ఎవరన్నా నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే చిన్నగ అనిపిస్తది. పదివేలకు నెలకు 200, ఏడాదికి 2,400 అని లెక్క చేస్తే అసలు బరువు తెలుస్తది. అప్పు తీసుకోకముందే ఈ లెక్క చేసుకోవాలె.

ఒక చెల్లె కిస్తు కట్టకపోతే అందరి ముందట కోపం చేసుడు అల్కగ ఉంటది. ఇంటికి పోయి "ఏమైంది చెల్లె?" అని అడిగితే జ్వరమో, పత్తికి ధర రాకపోవుడో, ఇంకో అప్పు ఒత్తిడో బయటపడుతది. అప్పుడు సంఘం దారి చూపిస్తది. కారణం అడగకుండ గట్టిగ మాట్లాడితే ఆమె మీటింగుకే రాదు. కిస్తూ రాదు, మనిషీ దూరమైతది.

అందుకే మేము మూడు మాటలు కోరుతున్నం. చదవకుండ, చదివించుకోకుండ ఎక్కడా సంతకం పెట్టొద్దు. లెక్కల పుస్తకం నెలకొకరు అందరికీ వినబడేటట్టు చదవాలె. మీటింగుల మాట్లాడని చెల్లెను ముందుగ అడగాలె.