దస్తావేజులు, స్వచ్ఛంద సేవకులు

పాత దస్తావేజులను భద్రపరచే సంస్థలలో జీతం తీసుకోకుండా పనిచేసేవారు అనేక దేశాలలో ఉన్నారు. ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయులు, చరిత్ర విద్యార్థులు, తమ ఊరి కథ తెలుసుకోగోరే గృహిణులు వచ్చి కట్టలు విప్పుతారు, దుమ్ము దులుపుతారు, పట్టికలు వ్రాస్తారు. జీతం ఇవ్వటం లేదు గనుక వారి క్షేమంతో తనకు నిమిత్తం లేదని సంస్థ అనుకోవటం పొరపాటు. హాని కలిగితే ఉద్యోగి నిలదీసి అడుగుతాడు. ఆసక్తి కొద్దీ వచ్చినవాడు అడగడు.

కాగితాల వల్ల హాని ఏమిటనవచ్చు. బూజుపట్టిన కట్ట విప్పగానే లేచే ధూళి ఉబ్బసం ఉన్నవారికి ప్రమాదకరం. పందొమ్మిదవ శతాబ్దిలో ఐరోపాలో తయారైన కొన్ని పుస్తకాల ఆకుపచ్చ అట్టల రంగులో పాషాణం, అనగా ఆర్సెనిక్, ఉన్నది. ఈ అనుమానంతోనే ఫ్రాన్సు జాతీయ గ్రంథాలయం 2024లో నాలుగు పుస్తకాలను పాఠకులకు అందకుండా తొలగించింది. వేలు నాలుకకు తడిచేసుకొని పుట త్రిప్పే అలవాటు మనలో ఎందరికి లేదు! నాకూ ఉన్నది, మానుకోవటానికి ఇప్పటికీ ప్రయత్నిస్తున్నాను. చేతితొడుగులు, ముక్కుకు అడ్డు, గాలి వచ్చే గది, తోడుగా మరొక మనిషి - ఇవి పెద్ద ఖర్చులు కావు.

రెండవ విషయం ఇంతకన్న సున్నితమైనది. ఆసుపత్రి రిజిస్టరు ఒకటి తెరిచారనుకోండి. యాభై ఏళ్ల క్రితం మనోవ్యాధితో చేరిన ఒక యువతి పేరు, తండ్రి పేరు, ఊరు అందులో ఉంటాయి. ఆమె నేడు ఎవరికో అమ్మమ్మ. పట్టిక వ్రాస్తున్నామెదీ ఆ ఊరే కావచ్చు. సాయంత్రం ఇంటికి వెళ్లి, “ఇవాళ ఏం చూశానో తెలుసా?” అన్నదంటే చాలు.

ఇంగ్లండు, వేల్సుల 1921 జనాభా లెక్కల పత్రాలను నూరేళ్లు దాచి, 2022 జనవరిలో గాని తెరవలేదు. మన 1948 జనాభా లెక్కల చట్టంలోని 15వ సెక్షను ప్రకారం ఆ పత్రాలను తనిఖీచేసే హక్కు ఎవరికీ లేదు. ఎన్నేళ్లకు తెరవవచ్చునో ఆ సెక్షను చెప్పనే లేదు.

కనుక ఏ రిజిస్టరు ఎవరి చేతికి ఇవ్వవచ్చునో ఉద్యోగులే ముందుగా వేరుచేయాలి. గోప్యతకు వ్రాతపూర్వకమైన హామీ తీసుకోవాలి. ఫోనులు గది వెలుపలే. ఇంతవరకు చేసే సంస్థలు కూడా తరువాతిది మరచిపోతాయి. ఆ యువతి కథ చదివి మనసు చెదిరిన సేవకురాలు దానిని భర్తకో, స్నేహితురాలికో చెప్పుకొనే వీలు లేదు. నోరు విప్పనని ఆమె చేత సంతకం చేయించుకున్నది సంస్థయే. అందుచేత పని ముగిశాక పది నిమిషాలు ఆమెతో కూర్చొని, ఆమె చెప్పేది వినగల ఉద్యోగి ఒకరు అక్కడే ఉండాలి. ఆ రిజిస్టరు ఇక వద్దంటే, కారణం అడగకుండా మరొకటి ఇవ్వాలి.