రేడియో చెప్పిన సగం నిజం
(ఫోరం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ని, చరిత్రకారుణ్ణి కాను. కానీ మనం ఉంటున్న ఈ అమెరికా చేసే యుద్ధాలకు మన పన్నుల డబ్బు కూడా వెళుతోంది. అందుకని ఈ దేశ ప్రజలను రెండో ప్రపంచ యుద్ధానికి రేడియో ఎలా సిద్ధం చేసిందో నాలుగు మాటలు చెబుతాను.

1939లో ఇక్కడి జనంలో అత్యధికులకు యూరప్ యుద్ధంలోకి దిగడం సుతరామూ ఇష్టం లేదు. వాదోపవాదాలన్నీ రేడియోలోనే నడిచాయి. 1940 నాటికి ప్రతి 5 ఇళ్ళలో 4 ఇళ్ళకు పైగా రేడియో ఉండేది మరి. అట్లాంటిక్‌ను ఒంటరిగా దాటిన విమాన వీరుడు లిండ్‌బర్గ్ 1939 సెప్టెంబర్‌లో రేడియో ముందుకొచ్చి, ఈ యుద్ధం మనకొద్దన్నాడు. 1940లో ఎడ్వర్డ్ మర్రో లండన్ మేడల మీద నిలబడి, బాంబుల మోత మధ్య కళ్ళకు కనిపించింది చెప్పాడు. ఆ డిసెంబర్ 29న అధ్యక్షుడు రూజ్వెల్ట్, ప్రజాస్వామ్యానికి అమెరికాయే ఆయుధాగారం కావాలన్నాడు. 1941 మార్చిలో బ్రిటన్‌కు ఆయుధాలిచ్చే లెండ్-లీజ్ చట్టం వచ్చేసింది.

ఇంతవరకూ నాకు అభ్యంతరం లేదు. ఒప్పించడం నాయకుడి పని. నా పేచీ 1941 సెప్టెంబర్ 11 నాటి ప్రసంగంతో.

వారం క్రితం, 4వ తేదీన, ఐస్‌లాండ్‌కు వెళుతున్న గ్రీర్ అనే అమెరికా యుద్ధనౌకపై జర్మన్ జలాంతర్గామి టార్పెడో వదిలింది. రూజ్వెల్ట్ 8న మాట్లాడాల్సింది. 7న తల్లి చనిపోవడంతో 11కు వాయిదా పడింది. ఆ రాత్రి రేడియోలో, జర్మన్లే హెచ్చరిక లేకుండా ముందు కాల్చారన్నాడు. మన రక్షణకు అవసరమైన జలాల్లోకి వస్తే ఇకపై వాళ్ళకే ప్రమాదమన్నాడు. చెప్పనిది ఏమిటంటే, గ్రీర్ ఆ జలాంతర్గామిని గంటల తరబడి వెంటాడి, అది ఎక్కడుందో బ్రిటిష్ విమానానికి చెబుతూనే ఉంది. ఆ విమానం ముందుగా దానిపై బాంబులు కూడా వేసింది. ఆ తరువాతే టార్పెడో వచ్చింది. నౌకాదళాధిపతి స్టార్క్ సెనేట్ కమిటీకి పంపిన జవాబుతో అక్టోబర్‌లో ఇవన్నీ బయటపడ్డాయి. అప్పటికే నౌకలకు ఉత్తర్వులు వెళ్ళిపోయాయి.

అదే రాత్రి డెమాయిన్‌లో లిండ్‌బర్గ్ సభ జరిగింది. హాల్లో ముందు రూజ్వెల్ట్ ప్రసంగం వినిపించి, తరువాత ఆయన లేచాడు. యుద్ధానికి కారకులు బ్రిటిష్‌వారు, యూదులు, ప్రభుత్వమూ అన్నాడు. యూదుల పేరెత్తిన ఆ నీచమైన మాటతో దేశమంతా ఆయన్ని ఛీకొట్టింది. ఆ రభసలో గ్రీర్ సంగతి అడిగేవాళ్ళ గొంతుకు విలువ లేకుండా పోయింది. నాకు అదే ఎక్కువ బాధ కలిగిస్తుంది.

"హిట్లర్‌ను ఆపాలి కదా, ఆ మాత్రం దాచితే తప్పేమిటి?" అని మీలో కొందరు అడుగుతారు. ఆపాలి, సందేహం లేదు. అయితే 1964 ఆగస్టు 4 రాత్రి అధ్యక్షుడు జాన్సన్ టీవీలో, టోంకిన్ సింధుశాఖలో మన నౌకలపై మళ్ళీ దాడి జరిగిందన్నాడు. ఆ రెండో దాడి అసలు జరగనే లేదు. మంచి పనికోసం రూజ్వెల్ట్ ఆడిన కపటమే చెడ్డ పనికి జాన్సన్‌కు దారి సుగమం చేసిందని సెనేటర్ ఫుల్‌బ్రైట్ తరువాత వాపోయాడు. టోంకిన్ తీర్మానాన్ని సెనేట్‌లో దగ్గరుండి నెగ్గించింది ఆయనే.

మన తాతల సంగతి వేరు. వాళ్ళను ఒప్పించే శ్రమ కూడా ఎవరూ పడలేదు. 1939 సెప్టెంబర్ 3న వైస్రాయ్ లిన్‌లిత్‌గో ఎవరినీ అడక్కుండానే భారతదేశం యుద్ధంలో ఉందని ప్రకటించాడు. నిరసనగా అక్టోబర్‌లో మద్రాసులో రాజాజీ మంత్రివర్గం రాజీనామా చేసింది. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ బాంబులు పడ్డాయి.

గ్రీర్ ప్రసంగం రికార్డింగు తెచ్చాను. ముందు అది విందాం, తరువాత మీ ప్రశ్నలు అడగండి.